రెళ్ళు, మూళ్ళు, పదులు: ఎక్కానికీ స్థాన విలువకూ నడుమ

34ను 12తో గుణించమంటే కొందరు పిల్లలు చేసే తప్పు ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులకు కొత్త కాదు. పై వరసలో 68 వేస్తారు, సరిగ్గా దాని కిందే 34 వేస్తారు, కూడి 102 అంటారు. పది ముప్పైనాలుగులకే 340 అవుతుంటే పన్నెండింటికి 102 ఎలా వచ్చిందన్న అనుమానం వాళ్ళకు రాదు. దిద్దేవారు చాలాసార్లు ఒక్క మాటతో సరిపెడతారు: "రెండో వరసలో ఒక స్థానం వదిలి వెయ్యి." వదిలిన చోట సున్నా వెయ్యాలా, ఇంటూ గుర్తు పెట్టాలా అన్నది బడిని బట్టి మారుతుంది. ఎందుకు వదలాలో చెప్పేవారు తక్కువ.

ఈ తప్పు మన బడులకే పరిమితం కాదు. గణిత విద్యా పరిశోధకురాలు లిపింగ్ మా 1999లో వెలువరించిన పుస్తకంలో 123ను 645తో గుణించే లెక్క ఒకటుంది. 615, 492, 738 అన్న మూడు వరసలనూ జరపకుండా వేసి 1845 తేల్చే పిల్లలకు ఎలా చెబుతారని ఆమె అమెరికా, చైనా ఉపాధ్యాయులను అడిగింది. అమెరికా వారిలో ఎక్కువమంది వరసలు జరిపే పద్ధతినే మళ్ళీ వివరించారు. చైనా వారి వివరణల్లో ఆ 492 ఒకట్లు కావు, పదులు అన్న మాట ముందుకొచ్చింది. ఈ వ్యాసం పట్టుకున్నది ఆ "పదులు" అన్న మాటనే. తెలుగులో ఆ బహువచనం ఎక్కాల బాణీలోనే ఉంది. రోజూ వల్లిస్తూ కూడా మనం దాన్ని వినిపించుకోవడం లేదు.

ముందు సంఖ్యల పేర్లు. ఇరవై, ముప్పై, నలభై అన్న నేటి రూపాల్లో పది వినబడదు. ఇరువది, ముప్పది, నలుబది అన్న పాత రూపాల్లో వినబడుతుంది. మూడో తరగతిలో "ముప్పది" అని ఒక్కసారి పలికించి, అందులో ఏం దాగుందని అడగడానికి రెండు నిమిషాలు చాలు. పంతొమ్మిది మనకు పదీ తొమ్మిదే. హిందీ ఉన్నీస్ లాగా ఇరవైకి ఒకటి తక్కువ కాదు. వందల దగ్గరికొస్తే సంగతి ఇంకా తేట: "రెండు వందలు" అన్న మాటే ఒక గుణకారం. అయితే ఇక్కడో చిక్కుంది. విన్నది విన్నట్టు రాసే పిల్లలు రెండు వందల ముప్పై నాలుగును 200304 అని, నూట ఐదును 1005 అని రాస్తారు. దీన్ని అజాగ్రత్త అనలేం. మాటలో వందకు పేరుంది, రాతలో చోటు మాత్రమే ఉంది. వాళ్ళు పేరును కూడా రాశారు, అంతే.

ఇక ఎక్కాలు. "రెండు రెళ్ళు నాలుగు, రెండు మూళ్ళు ఆరు." పండు పళ్ళయినట్టే మూడు మూళ్ళయింది. మూడింటిని కట్టగట్టి, లెక్కపెట్టదగ్గ ఒకే వస్తువుగా నిలబెడుతున్నది ఆ "ళ్ళు". గుణకారంలో పిల్లలకు కష్టమైన మెట్టూ ఇదే, పదుల స్థానంలో కష్టమూ ఇదే: పదింటిని ఒకటిగా చూడాలి, అందులో పదున్నాయన్నది మరవకూడదు. (ఏడుకు బహువచనం ఏళ్ళు కావడం ఓ తమాషా. "రెండేళ్ళు పద్నాలుగు" అంటే వయసు లెక్కనుకున్న పిల్లవాణ్ణి తప్పుపట్టలేం.) ఇంగ్లిష్ మీడియం బాణీలో ఈ బహువచనం కరిగిపోయింది. "టూ టూజా ఫోర్"లో "టూస్ ఆర్" అన్న రెండు మాటలు అతుక్కుని "జా" మిగిలింది. గుణకారానికి ఇంగ్లిష్ మాట "జా" అనుకుంటే ఆశ్చర్యమేముంది? పక్కపక్క పేజీల్లో తెలుగూ ఇంగ్లిషూ ఉన్న పాఠ్యపుస్తకాలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వచ్చాయి. రెండు బాణీలనూ అలాగే పక్కపక్కన పెట్టి వినిపించవచ్చు.

వినడం మొదలుపెడితే ఒక పేచీ కూడా బయటపడుతుంది. మూడో ఎక్కాన్ని నల్లబల్ల మీద 3, 3+3, 3+3+3 అని వివరిస్తాం. అంటే ఒక మూడు, రెండు మూళ్ళు, మూడు మూళ్ళు. నోటితో మాత్రం "మూడు ఒకట్లు మూడు, మూడు రెళ్ళు ఆరు" అనిపిస్తాం. బల్ల మీద గుంపు మారదు, గుంపుల సంఖ్య పెరుగుతుంది. నోట్లో గుంపుల సంఖ్య మారదు, గుంపే పెరుగుతుంది. జవాబు ఒకటే కాబట్టి పెద్దలకు ఇది పట్టదు. మధ్యాహ్న భోజనానికి వచ్చే ముప్పై గుడ్ల ట్రే ఈ పేచీని తీరుస్తుంది. ఒకవైపు నుంచి చూస్తే వరసకు ఆరు చొప్పున ఐదు వరసలు: ఐదు ఆర్లు ముప్పై. ట్రేను పావు చుట్టు తిప్పితే ఆరు ఐదులు ముప్పై. ఒక్క గుడ్డూ కదల్లేదు.

ట్రేను తిప్పినా మొత్తం మారనట్టే, గుణకాన్ని ఎలా విడగొట్టినా ఫలితం మారదన్నది మనకు పాత సంగతే. 1150 నాటి లీలావతిలో భాస్కరాచార్యుడు 135ను 12తో గుణించడానికి ఒక్క దారితో ఆగలేదు. పన్నెండును ఎనిమిదీ నాలుగుగా విడగొట్టవచ్చు, మూడు నాలుగులుగా తీసుకోవచ్చు, స్థానాల వారీగా విడదీయవచ్చు, ఇరవైతో గుణించి ఎనిమిది రెట్లు తీసెయ్యవచ్చు. అన్నిటా 1620. మనం నేర్పే "జరిపి వెయ్యడం" వీటిలో ఒక్కటి మాత్రమే. దాన్నొక్కదాన్నే పద్ధతిగా నిలబెట్టడం నా దృష్టిలో పెద్ద నష్టం.

మళ్ళీ 34, 12 దగ్గరికి. అడ్డంకి గుణకారం కన్నా ముందే ఉంది. 340లో ఎన్ని పదులున్నాయంటే చాలామంది నాలుగంటారు. స్థానాల పట్టిక నేర్పింది అదే: గడికొక అంకె, పదుల గడిలో 4. పదుల స్థానంలో ఏ అంకె ఉంది, మొత్తం పదులెన్ని అన్నవి వేర్వేరు ప్రశ్నలు. మనం అడిగేది ఎప్పుడూ మొదటిదే. మూడు వందల నలభై రూపాయలను అన్నీ పదినోట్లుగా ఇమ్మంటే ముప్పై నాలుగు నోట్లు కావాలి. కానీ వందనోటును ఎంత తరచి చూసినా అందులో పదినోట్లు కనబడవు. అందుకే చీపురు పుల్లలు మేలు. పదేసి పుల్లల కట్టలు పదింటిని కలిపి వంద కట్ట కట్టేటప్పుడు లోపలి కట్టల రబ్బరు బ్యాండ్లు మాత్రం తీసెయ్యకూడదు. అప్పుడు వందలోని పది పదులు కంటికి కనబడుతూనే ఉంటాయి.

ఆ తర్వాత గుణకారంలో రెండో వరస వేసేటప్పుడు ఒక్క ప్రశ్న వెయ్యాలి: ఇవి ముప్పై నాలుగు ఏవి? పదులని జవాబొస్తే, ఇంటూ గుర్తు పెట్టే చోట కొన్నాళ్ళు ఆ మాటే రాయించవచ్చు. పైన 68 ఒకట్లు, కింద 34 పదులు. కూడేముందు రెంటినీ ఒకే జాతికి తెచ్చుకోవాలని, పుల్లలు కట్టిన పిల్లలే అంటారు.