జాబిక్స్ టేబుళ్లు ఎలా ఎదిగాయి

లాత్వియాలో ఒక బ్యాంకు సర్వర్లను కనిపెట్టుకుని ఉండేందుకు 1998లో అలెక్సీ వ్లాదిషెవ్ మొదలుపెట్టిన చిన్న ప్రాజెక్టు జాబిక్స్. 2001లో జీపీఎల్ లైసెన్సుతో అందరికీ అందుబాటులోకి వచ్చింది. 2005లో రీగా నగరంలో దాని వెనుక కంపెనీ వెలిసింది.

కొలిచిన ప్రతి అంకె, మోగిన ప్రతి అలర్టు, ఏ కబురు ఎవరికి పంపాలన్న వివరం... జాబిక్స్‌లో ఇవన్నీ ఉండేది మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ లాంటి డేటాబేస్ టేబుళ్లలోనే. అందుకే కొత్త వెర్షన్ రాగానే ప్రోగ్రాం మార్చేస్తే సరిపోదు, టేబుళ్ల కట్టుబడీ మారాలి.

తొలినాళ్లలో ఆ భారమంతా అడ్మిన్‌లదే. సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే ప్యాచ్ స్క్రిప్టులను వరస తప్పకుండా చేత్తో నడపాలి. 1.8 నుంచి 2.0కి వెళ్లిన వాళ్లూ ఇలాగే వెళ్లారు. అసలు చిక్కు మరొకటి: ఈ డేటాబేస్ ఇప్పటికి ఏ మెట్టు మీద ఉందో చెప్పే ఆనవాలు అందులో లేదు. నడిపిన మనిషికి గుర్తుంటే ఉన్నట్టు, ఉద్యోగం మారి వెళ్లిపోతే లేనట్టు.

2013లో వచ్చిన 2.2 ఆ లోటు తీర్చింది. డీబీవెర్షన్ అనే బుల్లి టేబుల్ ఒకటి చేరింది. అందులో తప్పనిసరి మార్పులకు ఒక అంకె, ఐచ్ఛిక మార్పులకు ఒక అంకె. 02020000 అని ఉంటే 2.2 అని అర్థం. సర్వర్ లేవగానే ఆ అంకె చదువుతుంది. తక్కువగా ఉంటే ప్యాచ్‌లు ఒక్కొక్కటే తానే వేసుకుంటూ, ఎంత శాతం పూర్తయిందో లాగ్‌లో రాస్తుంది. తనకంటే కొత్త డేటాబేస్ ఎదురైతే అసలు నడవనంటుంది. ఈ సాఫ్ట్‌వేర్ చరిత్రలో ఇంతకంటే గొప్ప మేలు అడ్మిన్‌లకు మరొకటి జరగలేదనే చెప్పాలి.

అయినా హిస్టరీ టేబుళ్ల దగ్గర మాత్రం జాబిక్స్ తొందరపడలేదు. కొలతలన్నీ పోగుపడేది అక్కడే, కోట్ల వరసలుంటాయి. పాత టేబుళ్లలో దశాంశ సంఖ్యలకు చుక్క తర్వాత నాలుగు అంకెలే నిలిచేవి. 2020లో 5.0 ఆ హద్దు తొలగించింది. 2022లో 6.0 ఆ టేబుళ్లకు ప్రైమరీ కీ ఇచ్చింది. కానీ అప్పటికే నడుస్తున్న చోట్ల ఆ వెర్షన్లతో ఈ రెండు మార్పులూ వాటంతటవి జరగలేదు. ప్రైమరీ కీ కావాలంటే పాత టేబుళ్ల పేరు మార్చి, కొత్తవి సృష్టించి, డేటాను వాటిలోకి తరలించాలి. ఎప్పుడు చేయాలన్నది అడ్మిన్ ఇష్టం. గంటల తరబడి సాగే, అలర్టులు ఆగిపోయే ప్రమాదమున్న పనిని ఎవరికీ చెప్పకుండా మొదలుపెట్టకపోవడం సరైన నిర్ణయం.

ముందుకు నడిపే ప్యాచ్‌లే తప్ప, వెనక్కి తెచ్చేవి జాబిక్స్‌లో ఇప్పటికీ లేవు. కాబట్టి కొత్త సర్వర్‌ను స్టార్ట్ చేసే ముందే డేటాబేస్ బ్యాకప్ తీయండి, అది తిరిగి ఎక్కుతుందో లేదో వేరే మెషీన్ మీద ఒకసారి సరిచూసుకోండి.