పూటకూళ్ళ యిల్లు



మన పల్లెలలో ప్రొద్దు వ్రాలిన పిమ్మట బాటసారి యెవడైన అరుగుమీద కూర్చున్నచో, "భోజనమైనదా, నాయనా?" యని యడుగుట ఆచారము. పెట్టినవారు వెల కట్టరు, తినినవాడు ఇయ్యజూపడు. అన్నమును విక్రయించుట దోషమని మన పెద్దలు తరతరములుగా చెప్పుచు వచ్చిరి. అందువలననే పట్టణమునకు పోయివచ్చిన వృద్ధులు కొందఱు, "అక్కడేమున్నది? త్రాగు నీటికిని వెలయే, తిను మెతుకునకును వెలయే" యని నిట్టూర్చుట నేను పలుమాఱు వినియున్నాను. ఆ మాటలో సత్యము లేకపోలేదు. కాని వెల యిచ్చి తినిన అన్నమునకు ఋణము లేదా? రూపాయ చేతులు మాఱినంతనే పెట్టినవారికిని తినినవారికిని సంబంధము తెగిపోవునా? ఈ ప్రశ్నకు మన తెలుగు పట్టణముల చరిత్ర యొక సమాధానము చెప్పుచున్నది. దానినే నేడు మీకు విన్నవింపదలచితిని.

కూడనగా అన్నము, కూళ్ళనునది దాని బహువచనము. పూటకింత యని వెల పుచ్చుకొని అన్నము పెట్టుట పూటకూళ్ళు. సత్రము వేఱు, పూటకూళ్ళ యిల్లు వేఱు. సత్రమునకు రాజో, జమీందారో, షావుకారో మాన్యము వ్రాసియిచ్చును; తినువాడు చేయి కడుగుకొని పోవును. పూటకూళ్ళ యింటికి మాన్యము లేదు, దాత లేడు. ఒక పొయ్యి, నాలుగు గిన్నెలు, వండు చేతులు రెండు; ఇవియే దాని మూలధనము. సత్రములను గూర్చి శిలాశాసనములు పెక్కులున్నవి. పూటకూళ్ళను గూర్చి యెవరును శాసనము వేయింపలేదు. ఆ లోటును మన కవులు కొంత తీర్చిరి.

కాకతీయుల రాజధానియగు ఓరుగల్లును వర్ణించు క్రీడాభిరామము మీలో పలువురకు తెలిసిన గ్రంథమే. వినుకొండ వల్లభరాయుని పేర నున్నది. శ్రీనాథుని కృతియని వాదించిన పండితులును గలరు. గోవింద మంచనశర్మయు, టిట్టిభసెట్టియు నను స్నేహితులిద్దఱు ఒక దినమెల్ల ఓరుగల్లు వీధులలో తిరుగుచు కనబడిన వింతలను చెప్పుకొనుటయే అందలి కథ. ఆ తిరుగుటలో వారికి ఆకలియు వేయును గదా! అప్పుడు కవి మనకొక పూటకూటి యింటిని చూపును. లక్ష్మణవజ్ఝల యనువాని యిల్లది. ఒక్క రూకకు అక్కడ దొరకు భోజనమును కవి వరుసగా చెప్పును. కప్పురభోగి యను మేలిబియ్యపు అన్నము, గోధుమపిండివంట, పంచదార, అప్పుడే కాచిన ఆవునేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. రాజుగారి విందు కాదిది; వీధిలో నడచుచు అలసిన సామాన్యుని మధ్యాహ్నభోజనము. 1949లో సురవరము ప్రతాపరెడ్డిగారు ఆంధ్రుల సాంఘిక చరిత్ర వ్రాసినప్పుడు ఇట్టి కావ్యములనే ఆధారముగా గొని, రాజుల యుద్ధములను ప్రక్కకు నెట్టి, ప్రజలు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఎట్లు సంతోషించిరి యని విచారించిరి.

ఈ పద్యమునందు నేను ముఖ్యముగా గమనించినవి రెండు. కవి వెలను దాచలేదు; రూకయని స్పష్టముగా చెప్పెను. పెట్టినవాని పేరును దాచలేదు. ఓరుగల్లు కోట 1323లో ఢిల్లీ సైన్యములకు లోబడినది. సింహాసనము పోయినది, మేడలు కూలినవి. కాని రూకకు కడుపార అన్నము పెట్టిన యొక గృహస్థుని పేరు, తినినవారి తృప్తితోగూడ, మనదాక వచ్చినది. వెల యిచ్చినంత మాత్రమున కవి కృతజ్ఞతను మానలేదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

పెట్టువాని మనస్సెట్లుండవలయునో మఱియొక గ్రంథము చెప్పును. శ్రీకృష్ణదేవరాయలు తన ఆముక్తమాల్యదలో పాండ్యదేశపు శ్రీవిల్లిపుత్తూరియందలి విష్ణుచిత్తుని గృహమును వర్ణించెను. ఆ భక్తుడు వానకాలమున నొక తీరుగను, ఎండకాలమున నొక తీరుగను, చలికాలమున నొక తీరుగను అతిథులకు వండించి పెట్టును. ఇంతచేసి, నడురేయి వచ్చిన అతిథికి వడ్డించునప్పుడు, కూరలు కొఱతయనియు, వేడి చాలదనియు, దయతో ఆరగింపవలయుననియు వేడుకొనును. పెట్టువాడే చేతులు జోడించుచున్నాడు! ఇది ధర్మముగా పెట్టిన అన్నము. ఓరుగంటిది వెలకు పెట్టిన అన్నము. మొదటిదానియందలి ఆదరము రెండవదానియందు ఉండగూడదని యే శాస్త్రమును చెప్పలేదు.

ఇక దగ్గఱి కాలమునకు వత్తము. పందొమ్మిదవ శతాబ్దమున దొరతనమువారి కచ్చేరీలు, న్యాయస్థానములు, ఇంగ్లీషు పాఠశాలలు మన పట్టణములలో వెలసినవి. రాజమహేంద్రవరమున 1853లో జిల్లాపాఠశాల యేర్పడినది. వ్యాజ్యము గలవాడు కాగితముల మూటతోను, చదువుకోరు బాలుడు పలకతోను పట్టణము చేరవలసివచ్చెను. వారికి కూడెక్కడ? చుట్టములున్నవాడు చుట్టముల యింట చేరెను. పేదబాలుడు వారములు చెప్పుకొనెను. ఆదివారమొక యింట, సోమవార మొక యింట, ఇట్లు ఏడు దినములకు ఏడిండ్లు. వారము దొరకని దినమున మంచినీళ్ళే భోజనము. మిగిలినవారికి పూటకూళ్ళ యిల్లే శరణ్యము.

ఆ యిండ్లను నడపినవారిలో పెక్కుమంది వితంతువులు. దానికి కారణము మనము మొగము త్రిప్పుకొనక చెప్పుకొనవలసినదే. ఆ కాలమున భర్త పోయిన స్త్రీకి మరల పెండ్లి లేదు; 1881లో వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము చేయించినప్పుడు ఊరెల్ల వారిమీద లేచినది. భర్త యాస్తిలో ఆమెకు భాగమిచ్చు చట్టము 1937లో గాని రాలేదు. చదువు లేదు, ఉద్యోగము లేదు. ఆమెకు లోకము నేర్పిన విద్య వంట యొక్కటియే. ఆ విద్యతోనే ఆమె పిల్లలను పోషించుకొనెను. దానికి లోకము ఇచ్చిన బహుమానము చులకన.

ఎంత చులకనయో గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము చూచినచో తెలియును. 1892లో మొదట ప్రదర్శింపబడిన ఆ నాటకమున విజయనగరపు పూటకూళ్ళమ్మ యొకతె గలదు. తన సొమ్ము తిని మోసగించిన గిరీశమును వెదకుకొనుచు చీపురుకట్టతో వచ్చును. మనము నవ్వుకొందుము. కాని ఆమె పేరేమి? గ్రంథము మొదటినుండి తుదివఱకు వెదకినను దొరకదు. గిరీశమునకు పేరున్నది, వానికి కూడు పెట్టినదానికి పేరు లేదు. అది నాటకకర్త లోపము కాదు. ఆనాటి లోకము ఆమెనెట్లు చూచెనో ఆయన అట్లే చూపెను. ఓరుగంటి కవి కాలమున పేరున్న యిల్లు, అయిదువందల యేండ్లలో పేరులేని యిల్లయినది.

అట్టి యొక యింటినుండియే ఆంధ్రదేశమునకు నాయకుడు లభించెను. టంగుటూరి ప్రకాశము పంతులుగారు 1872లో వినోదరాయునిపాలెమున జన్మించిరి. పండ్రెండవ యేట తండ్రి గతించెను. తల్లి సుబ్బమ్మగారు ఒంగోలు చేరి పూటకూళ్ళ యిల్లు నడపి పిల్లలను పెంచిరి. ఆ సంపాదన చాలక బాలుడు వారములు చెప్పుకొని చదివెను. పరీక్షకు కట్టవలసిన మూడు రూపాయలు లేకపోగా, బావగారిని అడుగుటకై మైళ్ళకొలది నడచిపోయి వట్టిచేతులతో తిరిగివచ్చెను. అప్పుడా తల్లి తన పట్టుచీరను తాకట్టుపెట్టి ఆ రుసుము కట్టెను. ఆ బాలుడే 1928లో చెన్నపట్టణమున సైమను కమీషనును బహిష్కరించిన దినమున తుపాకులకెదురుగా ఱొమ్ము చూపెను. 1953లో ఆంధ్రరాష్ట్రమునకు తొలి ముఖ్యమంత్రి యయ్యెను. ఆయన తన ఆత్మకథయగు నా జీవితయాత్రలో తల్లి చేసిన పనిని దాచుకొనలేదు. పెద్దపదవి నెక్కినవాడు తనను పెంచిన పొయ్యిని మఱవక పేర్కొనుట, నా బుద్ధికి, అన్నఋణమును తీర్చుకొను మార్గములలో నుత్తమమైనది.

నా యెఱుకలోని మాటయు నొకటి చెప్పెదను. 1978 ప్రాంతమున నేను గోదావరీతీరమునందలి యొక పట్టణమున భాషాప్రవీణ చదువుచుంటిని. అప్పటికి వారములు చెప్పుకొను ఆచారము దాదాపు నశించినది. మా విద్యార్థులము ఇరువదిమందిమి ఒక వృద్ధురాలి యింట నెలకింతయని యిచ్చి భోజనము చేసెడివారము. ఆకు పఱచి నీళ్ళు చల్లిన చప్పుడు, పొగలు గ్రక్కు అన్నముమీద కందిపొడియు నేయియు, గోంగూర దినమున గోంగూర, తుదకు కరివేపాకు వాసనతో మజ్జిగ. పరీక్షల దిగులు, ఇంటినుండి రాని మనియార్డరు దిగులు, ఆ అరగడియ మా దరి చేరెడివి కావు. ఆమె విస్తరి వంక గాక మా మొగముల వంక చూచి వడ్డించెడిది. నెల యాలసించినవానికి పప్పు పలుచన చేసి యెఱుగదు. మేము ఆకు మడచి లేచునప్పుడు "అన్నదాతా సుఖీభవ" యనెడివారము. ఒకనాడొక సహాధ్యాయి, "వెల యిచ్చుచుంటిమి గదా, దీవెన యెందులకు?" అని హాస్యమాడెను. మా గురువుగారు విని, "వెల బియ్యమునకు, నాయనా; దీవెన వడ్డించిన చేతికి" అనిరి. అంతకంటె వ్యాఖ్యానము నాకు నేటివఱకు దొరకలేదు.

అయితే ఈ సంతోషము అందఱిదియు కాకుండెనని చెప్పకున్న చరిత్ర కాదు. పాత పూటకూళ్ళ యిండ్లలో ఎవరు లోపల కూర్చుండవలయునో, ఎవరు వెలుపల నిలువవలయునో కులము నిర్ణయించెడిది. వారములును కొన్ని కులముల బాలురకే దొరకినవి. చేతిలో రూకయున్నను కొందఱకు ఆకు పడలేదు. వెల పుచ్చుకొనుచు పంక్తి నిరాకరించుట, అన్నవిక్రయముకంటె పెద్ద దోషమని నేననుకొందును. 1950 జనవరి 26వ తేదీన అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము, పదునేనవ అధికరణమున, భోజనశాలలలో ప్రవేశమునకు కులము గాని మతము గాని అడ్డురాగూడదని శాసించినది. కాఫీహోటలు బల్లపై ఎవరి ప్రక్కన ఎవరు కూర్చుండినదియు నడుగక తిను భాగ్యము పట్టణము మనకిచ్చిన కానుకలలో గొప్పది. ఈ విషయమున పల్లె పట్టణమునుండి నేర్చుకొనవలసియున్నది.

పట్టణము పల్లెకు పడిన ఋణమో? అది మీ ఋణము, వృద్ధులారా! పట్టణము వండగలదు, పండింపలేదు. ధవళేశ్వరముకడ గోదావరికి 1852లోను, బెజవాడకడ కృష్ణకు 1855లోను ఆనకట్టలు పూర్తియైన పిమ్మట డెల్టా వడ్లు కాలువలవెంట పడవలలో పట్టణములకు సాగినవి. 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును పీడించిన ధాత కఱవున, చెన్నపట్టణమున కూమునదిని అడయారుతో కలుపు కాలువను కఱవుపీడితులే త్రవ్విరి. బకింగుహాము కాలువలో ఆ భాగము వారి ఎముకల బలమే. పెదగంజామునుండి చెన్నపట్టణము మీదుగా దక్షిణమునకు సాగిన ఆ కాలువలో తరువాతి కాలమున తెలుగుబియ్యపు పడవలు పోయినవి. ఆకలిగొన్నవారు త్రవ్విన దారిని అన్నము నడచినది. పట్టణమున విస్తరి ముందు కూర్చున్నవానికి పండించినవాడు, త్రవ్వినవాడు, పడవ లాగినవాడు కనబడరు. కనబడరు గనుకనే తలచుకొనవలయును.

నేటి కాలమున ఆ పాత యిండ్లు మెస్సులైనవి. ఊరికి పోయిన మన పిల్లలు తెల్లవాఱగనే వీధిబండికడ ఇడ్డెనల ఆవిరిలో నిలిచి తినుచున్నారు. ప్రభుత్వములును ఈ పనికి పూనుకొనినవి. 2013లో చెన్నపట్టణమున రూపాయకు ఇడ్డెన పెట్టు భోజనశాలలు, 2014లో హైదరాబాదున అయిదు రూపాయల భోజనము, 2018లో ఆంధ్రప్రదేశపు పట్టణములలో అదే వెలకు భోజనము పెట్టు శాలలు వెలసినవి. ఈ చివరివి నడుమ మూతపడి 2024లో మరల తెఱవబడినవి. కూలివాడును, ఆసుపత్రికి వచ్చిన రోగి బంధువును, ఉద్యోగము వెదకు యువకుడును ఒకే వరుసలో నిలిచి పళ్ళెము పట్టుచున్నారు. అందు కప్పురభోగి లేకపోవచ్చును, అన్నమున్నది.

కావున పట్టణముననున్న కుమారుని యింటికి మీరు పోయినప్పుడు, అక్కడి కూడు వెలకూడని తేలికపఱుపకుడు. మనుమని చేయి పట్టుకొని ఆ మెస్సుకు పొండు. తృప్తిగా తినుడు. లేచునప్పుడు వడ్డించిన అమ్మను "నీ పేరేమి, తల్లీ?" అని యడుగుడు. ఆ పేరును మనుమనిచేత ఒకసారి పలికింపుడు. వెల యిచ్చుట వ్యవహారము; పేరెఱుగుట మర్యాద; తలచుకొనుట ధర్మము. ఓరుగంటి కవి చేసినది ఇంతమాత్రమే.