బోర్డు బడి – ఖాళీ అయిన స్థానము

తెలుగు పల్లెలలోని వృద్ధులకు బోర్డు స్కూలు అను మాట సుపరిచితము. జిల్లా బోర్డుగాని, తాలూకా బోర్డుగాని నడపిన బడికి జనులు పెట్టుకొనిన పేరది. ఇంగ్లండులో సైతము ఒకప్పుడు ఈ పేరే వాడుకలో నుండెను. అచ్చట బడుల కొరకే ప్రత్యేకముగా బోర్డులు వెలసినవి. బోర్డు సభ్యులను ఎన్నుకొనుట అందరి దృష్టిని ఆకర్షించును. కాని నడుమ ఒక సభ్యుడు మరణించినచో, లేక రాజీనామా యిచ్చినచో, ఆ స్థానమును ఎవరు నింపవలెను? ఈ ప్రశ్న చిన్నదిగా తోచును. నిజమునకు బడి ఎవరిదను పెద్ద ప్రశ్నకు సమాధానము ఇందులోనే యున్నది.

1870లో ఇంగ్లండు పార్లమెంటు ప్రాథమిక విద్యాచట్టమును చేసెను. దానిని సభలో ప్రవేశపెట్టినవాడు ఫార్‌స్టర్. ఉన్న బడులు చాలని చోట్ల పన్ను చెల్లించు ప్రజలు ఒక బోర్డును ఎన్నుకొని, స్థానికపు పన్నుతో బడులు నెలకొల్పుకొనుటకు ఈ చట్టము వీలు కల్పించెను. బోర్డునకు 5 మొదలు 15 వరకు సభ్యులు. పదవీకాలము 3 సంవత్సరములు. లండను బోర్డు మాత్రము పెద్దది. దాని మొదటి సభ్యులు 49 మంది. పార్లమెంటు ఎన్నికలలో వోటు లేని స్త్రీలు కూడ ఈ బోర్డులకు పోటీ చేయుటకు అర్హులైరి. ఆ యేటనే లండను బోర్డునకు ఎలిజబెత్ గారెట్, ఎమిలీ డేవిస్ అను ఇరువురు స్త్రీలు ఎన్నికైరి.

ఈ ఎన్నికల పద్ధతి విలక్షణమైనది. స్థానములెన్ని యున్నవో ప్రతి వోటరుకు అన్ని వోట్లు. వానిని పలువురికి పంచవచ్చును. అన్నిటిని ఒక్కరికే వేయవచ్చును. అల్పసంఖ్యాకులకు సైతము బోర్డులో చోటు దక్కవలెనన్నదే దీని ఉద్దేశము. 1870లో బర్మింగుహాము నగరమున ఇది ప్రత్యక్షముగా కనబడెను. అచ్చటి 15 స్థానములకు లిబరల్ పక్షమువారు 15 మందిని నిలిపి, వోట్లు చెదరిపోగా 6 స్థానములే గెలిచిరి. చర్చి పక్షమువారు 8 మందినే నిలిపి, ఎనిమిదింటిని గెలిచిరి. మిగిలిన ఒక్క స్థానము కాథలిక్కులకు లభించెను.

ఎన్నిక ముగిసిన తరువాత వచ్చు చిక్కు వేరు. సభ్యుడు మరణించుటయో, రాజీనామా చేయుటయో మాత్రమే కాదు. అనారోగ్యము వంటి తగిన కారణము లేక వరుసగా 6 నెలలు సమావేశములకు రానివాడు, నేరమునకు జైలుశిక్ష పడినవాడు, దివాలా తీసినవాడు కూడ చట్టరీత్యా తన స్థానమును కోల్పోవును. అట్లు ఖాళీ అయిన ఒక్క స్థానమునకు ఉప ఎన్నిక జరిపినచో వోటరుకు ఉండునది ఒక్క వోటే. కుప్పగా వేయుటకు వోట్లు లేవు గనుక అధికసంఖ్యాకుల అభ్యర్థియే గెలుచును. అనగా అల్పసంఖ్యాకుల ప్రతినిధి నడుమ తొలగిపోయినచో వారి గొంతు బోర్డులో వినబడకుండ పోవును. దీనికి తోడు ఒక్క స్థానము కొరకు ఊరంతయు ఎన్నిక జరుపుట ఖర్చుతో కూడిన పని.

1876 నాటి చట్టము ఈ పద్ధతిని మార్చెను. నడుమ ఏర్పడు ఖాళీలను బోర్డు సభ్యులే నింపుకొనవచ్చునని అది నిర్ణయించెను. ఖర్చు తప్పినది. కాని వోటరు చేతిలోని అధికారము సభ్యుల చేతికి పోయెను. బోర్డులో ఎవరు అధికులో వారి మాటయే చెల్లును గదా! తొలగినవాని పక్షము నుండియే మరియొకరిని తీసుకొనుట న్యాయము. తమవానిని తీసుకొనుట సులభము. ఈ రెండింటి నడుమ అల్పసంఖ్యాకులకు రక్షగా నిలుచునది చట్టము కాదు, అధికుల మర్యాద మాత్రమే.

మూడవ మార్గము ఒకటి కలదు. సమావేశమునకు కోరం 3కు తగ్గరాదు. రాజీనామాల వలన గాని, ఎన్నిక జరుగకపోవుట వలన గాని కోరమునకు చాలినంతమంది లేనిచో, ప్రభుత్వ విద్యాశాఖ జోక్యము చేసికొని తానే సభ్యులను నియమింపవచ్చును. ఈ విధముగా ప్రజలు, బోర్డు, ప్రభుత్వము అను ముగ్గురికిని ఖాళీ స్థానముపై హక్కు ఏర్పడెను.

1902 నాటి చట్టము ఈ బోర్డులను రద్దుచేసి, బడులను కౌంటీ, పట్టణ కౌన్సిళ్లకు అప్పగించెను. కౌంటీ కౌన్సిళ్లకు ఎన్నికగు హక్కు స్త్రీలకు అప్పటికి లేదు. 32 ఏండ్లు ప్రజల వోటుతో బోర్డులలో కూర్చుండిన స్త్రీలు, 1907లో ఆ హక్కు లభించు వరకు, ఇతరులు చేర్చుకొనిననే విద్యాకమిటీలలో కూర్చుండగలిగిరి. ఎన్నికైన స్థానమునకును, దయతో దొరికిన స్థానమునకును గల భేదము దీని వలన తెలియగలదు.

మన దేశమున ఈ చరిత్ర తలక్రిందుగా నడచెను. 1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనను గూర్చి తీర్మానము వెలువరించెను. 1884లో చెన్నరాజధానిలో జిల్లా, తాలూకా బోర్డుల చట్టము వచ్చెను. ఇంగ్లండున ఎన్నికతో మొదలై ప్రభుత్వ నియామకము చివరి ఉపాయమైనది. ఇచ్చట ప్రభుత్వ నియామకమే మొదటి మెట్టయినది. ఎన్నికైన సభ్యుల ప్రాబల్యము క్రమముగా, ముఖ్యముగ 1920 నాటి చట్టము తరువాత, పెరిగెను. తాలూకా బోర్డులు 1934లో రద్దయినవి. 1959లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు ఏర్పడి బోర్డు బడులు వాని పాలనలోనికి వచ్చినవి.

2009 నాటి విద్యాహక్కు చట్టము ఈ ప్రశ్నను తిరిగి ఊరి బడి గుమ్మము కడకు తెచ్చెను. ప్రభుత్వ, స్థానిక సంస్థల బడులకు యాజమాన్య కమిటీ యుండవలెను. అందు నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు గాని సంరక్షకులు గాని, సగము మంది స్త్రీలు ఉండవలెను. వెనుకబడిన వర్గముల పిల్లల తల్లిదండ్రులకు వారి సంఖ్యను బట్టి చోటుండవలెను. బడి నిధుల ఖర్చును పరిశీలించుట, అభివృద్ధి ప్రణాళిక సిద్ధము చేయుట ఈ కమిటీ పనులు. పిల్లలు ఏటేట చదువు ముగించి వెళ్లుచుందురు గనుక తల్లిదండ్రుల కమిటీలో సభ్యులు మారుట సహజము.

ఎన్నికనాడు పదిమంది కూడుదురు. పదిమంది కన్నులు దానిపై నుండును. ఖాళీ ఏర్పడిననాడు ఎవరును చూడరు. కావుననే ఆ సమయముననే జాగరూకత అవసరము. స్థానము ఖాళీ అయినదని ఊరందరికి తెలుపవలెను. తొలగినవారు ఎవరి పక్షమున మాటాడుచుండిరో, క్రొత్తగా వచ్చువారు వారి మాట వినిపింపగలరో లేదో విచారింపవలెను. నోటీసును అంటించినంతనే చాలదు. దానిని చదివి, చదువనేరని వారికి చెప్పువారుండవలెను. గ్రంథాలయము గల గ్రామమునకు ఆ కొరత యుండరాదు.