కాడిలాక్ కారు: సుఖమునకు చెల్లించిన వెల

అమెరికా దేశమున పెద్ద విలాసపు కారు అనగానే చాలకాలము వరకు కాడిలాక్ పేరు స్ఫురించెడిది. ఆరుగురు ఇరుకు లేకుండ కూర్చుండగల విశాలత, వినబడీ వినబడని ఇంజను, గతుకుల బాటపై సైతము పడవవలె సాగు నడక దాని లక్షణములు. ఇట్టి కారును ధనవంతుల ఆడంబరముగ మాత్రమే తలచుట కద్దు. కాని నేడు సామాన్యుల కార్లలో కనబడు పెక్కు సౌకర్యములు మొదట ఈ ఖరీదైన కారులో స్థిరపడి, ఆపైన ఇతర కార్లకు వ్యాపించినవి. ఏ సౌకర్యమును ఊరక లభింపదు. దాని వెల ఎంత, ఆ వెలను ఎవరు చెల్లించిరి అను ప్రశ్నలకు కూడ ఈ కారు చరిత్రలో సమాధానము కలదు.

ఆకురాయి అక్కరలేని కారు

కాడిలాక్ కంపెనీ 1902 లో డెట్రాయిట్ నగరమున ఏర్పడినది. 1701 లో ఆ ఊరికి పునాది వేసిన ఫ్రెంచి వాని పేరే దానికి పెట్టిరి. కంపెనీని తీర్చిదిద్దిన హెన్రీ లేలండ్ పూర్వము తుపాకుల కర్మాగారములోను, సూక్ష్మమైన కొలత పనిముట్లు చేయు కర్మాగారములోను పనిచేసి ఆరితేరినవాడు.

ఆ దినములలో ఒకే రకపు రెండు కార్ల భాగములు సయితము సరిగా ఒకే కొలతలో నుండెడివి కావు. పనివాడు ఒక్కొక్క భాగమును ఆకురాయితో అరగదీసి, ఒకదానితో నొకటి పొసగునట్లు చేసెడివాడు. అందుచేత ఒక భాగము విరిగినచో, దాని స్థానమున కొత్తది నేరుగా ఇమిడెడిది కాదు. లేలండ్ ఈ పద్ధతిని అంగీకరింపలేదు. ప్రతి భాగమును నియమిత కొలతకు లోబడి తయారు కావలెననియు, ఏ కారు భాగమైనను అదే రకపు మరియొక కారునకు సరిపోవలెననియు అతని పట్టుదల.

1908 లో ఇంగ్లండులోని రాయల్ ఆటోమొబైల్ క్లబ్బువారు ఈ విషయమును పరీక్షించిరి. మూడు కాడిలాక్ కార్లను పూర్తిగా విడదీసి, భాగములన్నిటిని కలగలిపిరి. వానిలో 89 భాగములను తొలగించి, బదులుగా గిడ్డంగినుండి కొత్తవి తెచ్చి వేసిరి. ఆ కుప్పనుండి తిరిగి మూడు కార్లు కూర్చబడినవి. అవి బ్రూక్‌లాండ్స్ పందెపు బాటపై 500 మైళ్ళు పరుగెత్తినవి. ఈ విజయమునకు డ్యూవర్ ట్రోఫీ లభించినది. మరుసటి సంవత్సరము జనరల్ మోటార్సు సంస్థ కాడిలాక్ కంపెనీని కొనివేసినది.

చేతిపిడికి బదులు విద్యుత్తు

అప్పటి కారును నడుపుటకంటె దాని ఇంజనును కదలించుటయే కష్టము. కారు ముందు నిలబడి, ఇనుప పిడిని దూర్చి, బలము కొలది త్రిప్పవలసి యుండెను. నిప్పురవ్వ వేళకు ముందుగా పుట్టినచో, పిస్టను పైకి చేరకమునుపే వాయుమిశ్రమము మండి దానిని వెనుకకు నెట్టును. అప్పుడు పిడి ఎదురు తిరిగి చేతిని కొట్టును. మణికట్టులు విరిగినవారు ఎందరో కలరు.

ఓహైయో రాష్ట్రమునకు చెందిన చార్లెస్ కెటరింగ్ దీనికి ఉపాయము కనుగొనెను. ఇంజనును త్రిప్పగల విద్యుత్ మోటారు చాల పెద్దదిగ ఉండవలెనని పలువురి అభిప్రాయము. కెటరింగ్ అంతకుముందు దుకాణములలో డబ్బు లెక్కించు యంత్రమునకు చిన్న మోటారును అమర్చియుండెను. ఆ మోటారు దినమంతయు పనిచేయనక్కరలేదు. ఒక్క క్షణము మాత్రము బలముగ త్రిప్పిన చాలును. మోటారు పరిమాణమును నిర్ణయించునది ముఖ్యముగ అందు పుట్టు ఉష్ణము. కొద్ది సెకండ్లలోనే పని ముగిసినచో తీగలు కాలునంత ఉష్ణము చేరదు. కావున చిన్న మోటారునుండి కొద్దిసేపు దాని సాధారణ శక్తికి మించిన పనిని రాబట్టవచ్చును.

1912 నాటి కాడిలాక్‌లో ఈ ఏర్పాటు అమర్చబడినది. బ్యాటరీనుండి విద్యుత్తు గ్రహించి మోటారు ఇంజనును కదలించును. ఇంజను నడువనారంభించిన పిమ్మట ఆ యంత్రమే డైనమోగ మారి బ్యాటరీని నింపును. దీపములకు కూడ విద్యుత్తు లభించును. దీనితో కారు నడుపుటకు కండబలము అవసరము కాకపోయెను. స్త్రీలకును వృద్ధులకును మోటారు బాట సుగమమైనది. పిడి త్రిప్పు శ్రమ లేదను కారణమున ఆదరణ పొందిన ఆనాటి విద్యుత్ కార్లకు మాత్రము ఇది గొడ్డలిపెట్టయినది.

నిశ్శబ్దము వెనుక గణితము

సాధారణమైన పెట్రోలు ఇంజనులో ఒక్కొక్క సిలిండరు రెండు చుట్లకు ఒకసారి మాత్రమే శక్తినిచ్చును. నాలుగు సిలిండర్లున్నచో సగము చుట్టునకు ఒక త్రోపు కలుగును. ఎనిమిది యున్నచో పావు చుట్టునకే మరియొక త్రోపు అందును. త్రోపుల మధ్య విరామము తగ్గినకొలది ఇరుసు తిరుగుడు సమముగ నుండును, కుదుపు తగ్గును. 1914 లో కాడిలాక్ వారు ఎనిమిది సిలిండర్ల ఇంజనును పెద్ద సంఖ్యలో తయారుచేయ మొదలిడిరి. నాలుగేసి సిలిండర్లను రెండు వరుసలుగ, ఆంగ్లములోని వీ అక్షరమువలె ఏటవాలుగ నిలిపినందున ఇంజను పొడవు తగ్గినది. 1930 లో పదునారు సిలిండర్ల కారు సైతము వెలువడినది. దాని ఇంజను పరిమాణము 7.4 లీటర్లు. కాని అది ఆర్థిక మాంద్యపు కాలమగుటచే కొనువారు కొద్దిమందియే.

గేర్లు మార్చుట మరియొక చిక్కు. వేరు వేరు వేగములతో తిరుగు పళ్ళచక్రములను కలుపబోయినచో అవి కరకరలాడెడివి. ఎర్ల్ థాంప్సన్ రూపొందించిన పద్ధతిలో శంకువు ఆకారపు రాపిడి తలములు ముందుగా తాకి వేగములను సమానము చేయును. పిదప పళ్ళు కలియును. 1928 లో కాడిలాక్‌లో ప్రవేశించిన ఈ పద్ధతి నేటికిని చేతితో గేర్లు మార్చు కార్లలో కలదు.

ఆ తరువాత గేర్లు మార్చు పనియే లేని ఏర్పాటు వచ్చినది. రెండు విద్యుత్ పంకాలను ఎదురెదురుగ ఉంచి ఒకదానిని మాత్రము నడిపినచో, దాని గాలికి రెండవది కూడ మెల్లగ తిరుగును. గాలికి బదులు నూనె నింపినచో శక్తి మరింత బాగుగ అందును. హైడ్రామాటిక్ అను యంత్రములో ఈ సూత్రమునకు, తమంతట మారు నాలుగు గేర్లను జతపరచిరి. 1939 లో ఓల్డ్స్‌మొబైల్ కార్లతోపాటు బయటికి వచ్చిన ఈ యంత్రము 1941 నాటి కాడిలాక్ కొనువారికిని లభించినది.

పొడవు, బరువు, తోకరెక్కలు

స్ప్రింగు మెత్తనిదై, దానిపై బరువు ఎక్కువైనకొలది ఊపు నిదానమగును. ముందు వెనుక చక్రముల నడుమ దూరము పెరిగినచో, గతుకునకు కారు ముందు వెనుకలుగ ఊగుట తగ్గును. ఈ కారణముచేత పెద్ద కారు సుఖముగ నడచును. 1959 నాటి కాడిలాక్ పొడవు 5.7 మీటర్లు, బరువు రెండు టన్నులకు పైబడినది. 6.4 లీటర్ల ఇంజను శక్తి ఆనాటి కొలత పద్ధతి ప్రకారము 325 అశ్వశక్తులు.

దాని వెనుక భాగమున నిటారుగ లేచిన తోకరెక్కలు లోకప్రసిద్ధములు. రూపకల్పన శాఖకు అధిపతియైన హార్లీ ఎర్ల్, రెండు తోకలు గల ఒక యుద్ధ విమానమును చూచి ముచ్చటపడగా, 1948 లో ఇవి మొదటిసారి చిన్నవిగ కనబడినవి. విమానమునకు తోక నిలకడ నిచ్చును. కారు వేగమునకు ఆ రెక్కల అవసరము లేదు. అవి కేవలము కంటికి ఇంపు కొరకు ఏర్పడి, 1959 లో పరాకాష్ఠ నంది, పిదప క్రమముగ తగ్గిపోయినవి.

కనబడని వెల

వాయుమిశ్రమమును ఎంత గట్టిగ అదిమి మండించినచో, అదే పెట్రోలునుండి అంత ఎక్కువ పని లభించును. 1949 నాటి కొత్త కాడిలాక్ ఇంజనులో మిశ్రమము 7.5 వంతులనుండి ఒక వంతునకు అదుమబడెను. పదియేండ్లు గడచునప్పటికి ఈ నిష్పత్తి 10 దాటినది. కాని మిక్కిలి అదిమినచో పెట్రోలు వేళ కాకముందే తనంతట భగ్గుమని, ఇంజనులో సుత్తితో కొట్టినట్టి చప్పుడు పుట్టును.

ఈ చప్పుడునకు మందు 1921 లోనే దొరకినది. కెటరింగ్ ప్రయోగశాలలో థామస్ మిడ్జ్‌లీ సీసపు సమ్మేళనమును పెట్రోలులో కొద్దిగ కలుపగా అది ఆగిపోయెను. సీసము విషమని అప్పటికే ఎల్లరకు తెలియును. 1924 లో ఈ సమ్మేళనముతో పనిచేయు కార్మికులు కొందరు మరణించిరి. అయినను అమ్మకము సాగినది. కాడిలాక్ మాత్రమే కాదు, చిన్న కార్లు కూడ ఈ పెట్రోలునే త్రాగినవి. వాని పొగతోపాటు సీసము గాలిలోను, మట్టిలోను, మానవుల నెత్తుటిలోను చేరెను. పసిపిల్లల మెదడు ఎదుగుదలకు అది హాని చేయును. భూమి వయస్సును లెక్కించిన క్లెయిర్ ప్యాటర్‌సన్, ఈ కాలుష్యము సహజ స్థాయికి ఎన్నో రెట్లు మించినదని 1965 లో ప్రకటించెను. సీసము లేని పెట్రోలుతో నడచుటకు వీలుగ 1971 నాటి జనరల్ మోటార్సు కార్లలో అదుము నిష్పత్తిని తగ్గించిరి. రహదారి కార్లకు సీసపు పెట్రోలును అమెరికా 1996 లోను, భారతదేశము 2000 లోను మానినవి. 2021 లో అల్జీరియాతో దాని కథ ముగిసినది.

ఏనుగును మేపుట

ఏనుగును కొనుటకంటె మేపుట కష్టము. 1959 నాటి కాడిలాక్ లీటరు పెట్రోలుకు సుమారు 5 కిలోమీటర్లు నడచెడిది. బరువైన కారును వేగమునకు తెచ్చుటకు ఖర్చయిన శక్తి, బ్రేకు వేసిన ప్రతిసారి ఉష్ణముగ మారి గాలిలో కలిసిపోవును. పెట్రోలు చౌకగ నున్నంతకాలము ఈ నష్టము ఎవరికిని పట్టలేదు. 1973 లో అరబ్బు దేశములు చమురు ఎగుమతిని నిలిపివేయగా ధరలు కొద్ది మాసములలో పలురెట్లు పెరిగినవి. 1975 లో అమెరికా ప్రభుత్వము కార్ల ఇంధన వాడుకకు హద్దులు నిర్ణయించుచు చట్టము చేసినది. 8.2 లీటర్ల వరకు పెరిగిన కాడిలాక్ ఇంజను 1977 లో 7 లీటర్లకు తగ్గినది. కారు కూడ పొట్టిదై తేలికపడినది. కాలక్రమమున కొనువారి దృష్టి ఎత్తయిన బండ్లపైకి మరలినది. 2020 లో అమెరికాలో సీటీ6 అను పెద్ద కాడిలాక్ తయారీ నిలిచిపోయినది. లేలండ్ కాడిలాక్‌ను విడిచి 1917 లో స్థాపించిన లింకన్ కంపెనీ సైతము అదే సంవత్సరము తన పెద్ద కారు కాంటినెంటల్‌ను ఆపివేసినది.

కెటరింగ్ సూత్రము మాత్రము కొత్త రూపమున నిలిచియున్నది. పెట్రోలుతోను విద్యుత్తుతోను నడచు నేటి హైబ్రిడ్ కార్లలో మోటారు ఇంజనుకు తోడ్పడును. బ్రేకు వేసినప్పుడు అదియే డైనమోగ మారి, పూర్వము ఉష్ణముగ వృథాయైన శక్తిలో కొంత భాగమును బ్యాటరీకి చేర్చును. 1912 లో మనుష్యుని చేతిని కాపాడుటకు పుట్టిన ఉపాయము ఇట్లు ఇంధనమును కాపాడుటకు వినియోగపడుచున్నది.