మొనకి కళాయి

మా అబ్బాయి బొమ్మ కారు నడక మానేసి మూడు నెలలైంది. రిమోటు నొక్కితే దీపాలు వెలుగుతాయి గానీ చక్రాలు కదలవు. "కొత్తది కొనేస్తే పోలా?" అన్నారు మావారు. కొనొచ్చు. కానీ అది కుప్పంలో ఉన్న మా అన్నయ్య వాడి పుట్టినరోజుకి ఇచ్చిన కారు. అన్నయ్యకి ఒకప్పుడు రేడియోలు బాగుచేసే చిన్న అంగడి ఉండేది. కిందటేడు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి స్వాధీనం తప్పింది. కారు సంగతి ఫోనులో చెబితే, "తీసుకురా, అతికిస్తాను" అన్నాడు అలవాటు కొద్దీ. ఆ తర్వాత ఇద్దరికీ కాసేపు మాట రాలేదు.

"నువ్వు చెప్పు అన్నయ్యా, నేను అతికిస్తాను" అన్నాను చివరికి.

అన్నాను గానీ, నేను చదివింది బి.ఏ. 1915లో అనీబిసెంట్ స్థాపించిన మా మదనపల్లె బి.టి. కాలేజీలో రాజుల యుద్ధాలు బట్టీపట్టాను తప్ప, కరెంటు తీగ జోలికి ఏనాడూ పోలేదు. బజారులో కొట్టతను మూడు రకాల టంకపు కడ్డీలు ముందు పెట్టాడు. ఒకటి 25 వాట్లది, ఒకటి 60 వాట్లది, మూడోది తుపాకీలా ఉన్న 100 వాట్లది. పెద్దదైతే పని త్వరగా అవుతుందని తుపాకీ మీద చెయ్యి వేశాను. అనుమానం వచ్చి అన్నయ్యకి ఫోను చేశాను.

"తాలింపుకి గాడిపొయ్యి వెలిగిస్తావా?" అని నవ్వాడు. "ఆ వేడికి పలక మీది రాగి పొర లేచిపోతుంది. సన్న తీగలకి 25 వాట్లు చాలు. బ్యాటరీ తీగలు లావుగా ఉండే పెద్ద కార్లకైతే 60 కావాలి."

కుప్పం బస్సు పుంగనూరులో ఆగింది. అక్కడ మా అవ్వగారింటి ముందు కళాయి పోసేవాడు కూర్చునే వేపచెట్టు గుర్తొచ్చింది. ఇత్తడి గిన్నె కాల్చి, నవాసారం చల్లి, తగరం ముక్క రాసి, దూదితో ఒక్క తిప్పు తిప్పితే గిన్నె లోపల వెన్నెల కాసేది. నేను దగ్గరికి పోతే అవ్వ కేకలేసేది, "ఆడపిల్లవి, నిప్పుల పని నీకెందుకే!" అని.

ఆలోచిస్తే కళాయి, నగల అతుకు, రేడియో అతుకు ఒక్క తల్లి బిడ్డలే. గాలి తగిలిన లోహం మీద చిలుము పొర కడుతుంది. అది పోతేగాని అతుకు పట్టదు. కంసాలి అందుకు వెలిగారం వాడతాడు. సంస్కృతంలో దాని పేరు టంకణం. టిబెట్టు సరస్సుల దగ్గర దొరికే ఆ వెలిగారం మన దేశం మీదుగా పడమటికి పోయింది. మన టంకణమే పారశీకంలో తింకార్ అయి, ఇంగ్లీషులో టింకాల్ అయింది. కళాయివాడికి నవాసారం, రేడియో పనికి పైన్ చెట్టు బంక. నవాసారం మాత్రం రేడియోకి పనికిరాదు. సన్న తీగల్ని మెల్లగా తినేస్తుంది.

కరెంటు కథ కుప్పానికి దగ్గరి చుట్టమే. శివసముద్రం జలపాతం నుంచి సుమారు 147 కిలోమీటర్లు తీగలు లాగి, 1902లో కోలారు బంగారు గనులకి కరెంటు తెచ్చారు. ఆ గనులు 2001లో మూతపడ్డాయి. ఆ కరెంటు రావడానికి నాలుగేళ్ళ ముందే, 1898లో, టెస్లా న్యూయార్కులో తీగ లేకుండా ఒక బొమ్మ పడవని నడిపి చూపించాడు. మా వాడి కారుకి ఆ పడవే ముత్తవ్వ!

అన్నయ్య మంచం పక్కన బల్ల వేసుకున్నాను. మోటారు దగ్గర ఎర్రతీగ ఊడిపోయి ఉంది. టంకం తీగలో అరవై పాళ్ళు తగరం, నలభై పాళ్ళు సీసం. ఒట్టి తగరం కరగాలంటే 232 డిగ్రీలు కావాలి. అందుకే తగరపు చారుచెంబు ఖాళీగా పొయ్యిమీద పెడితే కరిగి కూలబడుతుంది. సీసం కలిస్తే 183 దగ్గరే మెత్తబడుతుంది. కానీ సీసం విషం. ఐరోపాలో 2006 నుంచి ఇలాంటి సామాన్లలో దాన్ని కట్టడి చేశారు. "కిటికీ తెరువు. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కో. పిల్లవాణ్ణి దూరంగా ఉంచు" అన్నాడు.

మొదటి అతుకు మసకగా, గరుకుగా వచ్చింది. "టంకాన్ని కాదు, తీగని వేడి చెయ్యి. వేడెక్కిన తీగే టంకాన్ని లాక్కుంటుంది" అన్నాడు. అతని కుడిచేతి వేళ్ళు దుప్పటి మీద చిన్నగా కదిలాయి. రెండోసారి అతుకు అవ్వ గిన్నెలా మెరిసింది. కారు గిర్రున పోయి మంచం కోడుకి కొట్టుకుంది. మావాడు కేరింతలు.

కడ్డీ తీసి పక్కన పెట్టబోతుంటే, "అట్లా పెట్టకు. తడి స్పాంజితో తుడిచి, మొనకి కాస్త టంకం రాసి పెట్టు. లేకపోతే నల్లబడి రేపు పని చెయ్యదు" అన్నాడు. అంటే దానికీ కళాయే!

బయల్దేరేముందు అన్నయ్య అటక వంక చూశాడు. "నాయన రేడియో అక్కడే ఉంది. కడప స్టేషను 1963లో మొదలైనప్పుడు ఊరంతా దాని చుట్టూ చేరారని చెప్పేవాడు. ఒక తీగ ఊడింది. నా చెయ్యి బాగున్నప్పుడే చెయ్యాల్సింది..."

"వచ్చే ఆదివారం వస్తాను" అన్నాను, కడ్డీని జాగ్రత్తగా సంచిలో పెట్టుకుంటూ.