ప్లాస్టిక్కు పాత్రలు – పరిశ్రమవారి సమాధానములు



పాత్ర మంచిది కానిచో అందులోని పదార్థము చెడునను జ్ఞానము మనకు క్రొత్తది కాదు. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు నిలువ యుంచినచో చిలుము దిగునని, అది తిన్నవారికి వాంతులగునని మన యిండ్లలోని స్త్రీలందఱు నెఱుగుదురు. అందుచేతనే కళాయివానిని పిలిపించి పాత్రలకు కళాయి పెట్టించుట పూర్వము ఆచారముగా నుండెను. వేడియు పులుపును తగిలినపుడు పాత్రలోనిది ఎంతో కొంత పదార్థములోనికి దిగును. చిలుము కంటికి కానవచ్చును, నాలుకకు తెలియును. కంటికి కానరాక, నాలుకకు తెలియక దిగు వస్తువు మాట యేమి? అట్టి వస్తువొకదాని చరిత్రమును, దానిపై సందేహములు పుట్టినపుడు దానిని తయారుచేయువారు చెప్పిన సమాధానములను గూర్చి నేడు మీకు విన్నవింపదలచితిని. ఈ వృత్తాంతము ముఖ్యముగా అమెరికాలోను ఐరోపాలోను జరిగినది. ఆ వస్తువు మాత్రము మన యూళ్ళకును వచ్చినది.

దాని పేరు బిస్ఫినాల్-ఏ. దీనిని 1891లో అలెగ్జాండర్ డయానిన్ అను రష్యాదేశపు రసాయన శాస్త్రజ్ఞుడు మొదట తయారుచేసెను. చాలకాలము దానికి ఉపయోగ మేమియు కానరాలేదు. పిమ్మట లండను నగరమున చార్లెస్ డాడ్స్ అను పండితుడు, స్త్రీదేహమునందు సహజముగా పుట్టు ఈస్ట్రొజెన్ అను హార్మోనువలె పనిచేయగల కృత్రిమ ద్రవ్యములను వెదకుచు, బిస్ఫినాల్-ఏకు ఆ గుణము స్వల్పముగా కలదని 1936లో ప్రకటించెను. హార్మోనులనగా మన దేహములోని గ్రంథులు రక్తములోనికి విడుచు ద్రవ్యములు. ఎదుగుదల, యౌవనము, సంతానము మొదలగునవి వాని యాజ్ఞకు లోబడి జరుగును. రక్తములో వాని పరిమాణము అత్యల్పము. ఫలము మాత్రము మిక్కిలి గొప్పది. 1938లో డాడ్స్ అంతకంటె బలమైన వేఱొక ద్రవ్యమును కనుగొనుటచే బిస్ఫినాల్ ఔషధము కాలేదు. ఆ రెండవదానిని వైద్యులు గర్భిణీ స్త్రీలకు అనేక సంవత్సరము లిచ్చిరి. 1971లో, అట్లు మందు తిన్న తల్లుల కుమార్తెలకు అరుదైన క్యాన్సరు వచ్చుచున్నదని తేలెను. కడుపులోని శిశువునకు తగిలినదాని ఫలము ఇరువది యేండ్లకు బయటపడవచ్చునని లోకమునకు ఆనాడు తెలిసెను.

బిస్ఫినాల్ హార్మోనువలె ప్రవర్తించునను సంగతి, దానితో ప్లాస్టిక్కు చేయుటకు ముందే అచ్చులో నున్నదని మీరు గమనింపవలెను. 1953లో జర్మనీలో హెర్మన్ ష్నెల్, అమెరికాలో డేనియల్ ఫాక్స్ అనువారు, ఒకరి నొకరెఱుగకయే, ఈ ద్రవ్యమునుండి పాలికార్బొనేటు అను ప్లాస్టిక్కును సాధించిరి. అది గాజువలె తేటగా నుండును; క్రిందపడినను పగులదు; మరుగునీటికి తట్టుకొనును. పసిబిడ్డల పాలసీసాలకు, నీటిడబ్బాలకు అంతకంటె అనువైన వస్తువు లేదని తోచెను. ఈ బిస్ఫినాలుతోనే చేసిన ఎపాక్సీ అను పూతను, ఆహారము నిలువయుంచు రేకుడబ్బాల లోపల పూయసాగిరి. మన గిన్నెకు కళాయి యెట్టిదో, ఆ డబ్బాకు ఈ పూత అట్టిది. దానివలన రేకు త్రుప్పుపట్టదు, ఆహారము చెడదు. ఈ మేలును మనము కాదనరాదు. 1960 తరువాతి దశాబ్దములో అమెరికాలోని ఆహార ఔషధాధికారులు ఈ వాడుకల ననుమతించిరి.

ఎంత తినినచో హాని లేదను ప్రశ్నకు 1988లో అచ్చటి ప్రభుత్వము ఒక హద్దు నేర్పఱచెను. మనిషి బరువులో కిలోగ్రామునకు దినమునకు 50 మైక్రోగ్రాములు. మైక్రోగ్రామనగా గ్రాములో పది లక్షలవ వంతు. ఈ హద్దు ఎట్లు వచ్చినదో వినుడు. ఎలుకలపై చేసిన పరీక్షలో అన్నిటికంటె తక్కువగా పెట్టిన మోతాదు కిలోగ్రామునకు 50 మిల్లీగ్రాములు. దానిని వేయిచే భాగించి, ఇంతకు దిగువను క్షేమమని నిర్ణయించిరి. ఆ దిగువను ఏమి జరుగునో ఎవరును పరీక్షించి చూడలేదు, లెక్కవలన ఊహించిరి.

తరువాత ఆ దిగువను చూచినవారు వచ్చిరి. 1993లో కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున కొందఱు, బూజుజాతికి చెందిన ఈస్టు అను సూక్ష్మజీవులలో ఈస్ట్రొజెను కలదేమోయని వెదకుచుండ, అట్టి ద్రవ్యమొకటి కానవచ్చెను. అది యెచ్చటినుండి వచ్చినదని శోధింపగా, ఈస్టునుండి కాదు, వారు ఆవిరిలో కాచి వాడుచున్న పాలికార్బొనేటు సీసాలనుండియే వచ్చినదని తేలెను. 1997లో మిస్సౌరీ విశ్వవిద్యాలయమున ఫ్రెడరిక్ వామ్ సాల్ అను ఆచార్యుడు, ప్రభుత్వపు హద్దుకు లోబడిన పరిమాణమే గర్భముతోనున్న ఎలుకకు పెట్టినను దాని పిల్లలలో మార్పు కలుగుచున్నదని ప్రకటించెను. 1998లో క్లీవ్‌లండ్ నగరమున ప్యాట్రీషియా హంట్ అను పరిశోధకురాలి శాలలో, ఎలుకల పంజరములను ఎవరో తగని ఘాటైన సబ్బునీటితో కడుగగా ఆ ప్లాస్టిక్కు చెడి బిస్ఫినాల్ బయటికి దిగెను. అంతవఱకు నూటికి ఒకటి రెండు మాత్రమే చెడుచుండిన ఆ యెలుకల అండములు, అప్పుడు నూటికి 40 వఱకు చెడెను. ఆమె మరల మరల పరీక్షించి 2003లో గాని దానిని ప్రకటింపలేదు.

పరిశ్రమవారి మొదటి సమాధానము పరీక్షలతోనే వచ్చెను. వామ్ సాల్ ఫలితమును తాము సరిచూతుమని వారు తమ ధనముతో పరీక్షలు చేయించి, 1999లో, మార్పేమియు కానరాలేదని ప్రకటించిరి. మోతాదు పెరిగినకొలది విషము పెరుగును, తగ్గినకొలది తగ్గును, కావున అల్పపరిమాణమునకు జడియ నక్కరలేదనిరి. ఇట్లు ఒకరు కలదని, ఒకరు లేదని పలుకుచుండ జనులెవరిని నమ్మవలెను? వామ్ సాల్, క్లాడ్ హ్యూజెస్ అనువారు 2004 చివరవఱకు ప్రకటితమైన పరీక్షల నన్నిటిని ప్రోగుచేసి, 2005లో ఒక లెక్క ప్రకటించిరి. ప్రభుత్వ ధనముతో జంతువులపై చేసిన 104 పరీక్షలలో 94 హాని కలదనెను. పరిశ్రమల ధనముతో చేసిన 11 పరీక్షలలో ఒకటియు హాని కలదనలేదు. పరిశ్రమవారి పరీక్షలలో కొన్నింట ఈస్ట్రొజెనుకు సులభముగా లొంగని జాతి ఎలుకలను వాడిరని కూడ వారు చూపిరి. పొలము కొలుచువాడెవరి కూలి తినుచున్నాడో కనుగొననిదే మనము ఆ కొలతను నమ్మము గదా!

అయినను న్యాయదృష్టితో పరిశ్రమవారి పక్షమును కూడ చెప్పవలెను. బిస్ఫినాల్ మనిషి దేహములో చాలకాలము నిలువదు. చాలవఱకు ఒక దినములోనే మూత్రమువెంట పోవును. వారు చేయించిన పరీక్షలలో కొన్ని, జంతువుల సంఖ్యచేత విశ్వవిద్యాలయములవారి పరీక్షలకంటె పెద్దవి. 2018లో అమెరికా ప్రభుత్వ శాస్త్రజ్ఞులు తాము చేసిన పెద్ద పరీక్షను బట్టి, జనులకు తగులుచున్న పరిమాణమున భయము లేదనిరి. అదే ప్రయత్నమున పాల్గొన్న ఆచార్యులు కొందఱు దానికి సమ్మతింపలేదు. కావున సందేహమునకు తావు నిజముగా ఉండెను. అట్టి సందేహము లాభము ఎవరికి దక్కవలెనన్నదే అసలు వ్యాజ్యము. అమ్మువానికా, పాలు త్రాగు బిడ్డకా? సుమారు అర్ధశతాబ్దము అది అమ్మువానికే దక్కెను.

2008లో గాలి మారెను. అమెరికాలో 2003, 2004 సంవత్సరములలో సేకరించిన మూత్రమును పరీక్షింపగా, ఆరేండ్లు దాటినవారిలో నూటికి 93 మందియందు బిస్ఫినాల్ కలదని అప్పుడు ప్రకటితమయ్యెను. గర్భస్థ శిశువుల మెదడు విషయమున కొంత ఆందోళన కలదని ఆ దేశపు విషవిజ్ఞాన సంస్థ తెలిపెను. కెనడా ప్రభుత్వము ఈ ప్లాస్టిక్కు పాలసీసాలను నిషేధింతునని ప్రకటించెను. తల్లులు అట్టి సీసాలు కొనుట మానిరి. 2009లో అమెరికాలోని ఆరు పెద్ద పాలసీసాల సంస్థలు, ఆ దేశమున ఇక బిస్ఫినాల్ కల సీసాలమ్మమని మాట యిచ్చినవి. ఆ యేడే, దానిని తయారుచేయు సునోకో అను సంస్థ, మూడేండ్లలోపు బిడ్డల ఆహారపు పాత్రలకు వాడమని హామీ యిచ్చినవారికే దాని నమ్ముదుమనెను.

సీసాలవారు ఇట్లు వెనుదీయుచుండ, డబ్బాలవారు, రసాయనములవారు వేఱు త్రోవ త్రొక్కిరి. 2009 మే నెలలో వాషింగ్టను నగరమున వారి ప్రతినిధులు సమావేశమైరి. అచ్చటి చర్చల సంగ్రహము బయటికి పొక్కి పత్రికలలో పడెను. తమ పక్షమున దేశమంతట తిరిగి ఈ వస్తువు మేలును గూర్చి చెప్పుటకు గర్భిణియగు యువతి యొకతె దొరకినచో అంతకంటె కావలసినది లేదని అందు వ్రాయబడి యుండెను. అది పూర్తిగా సరియైన సంగ్రహము కాదని వారిలో ఒకరనిరి గాని, సమావేశము జరుగలేదని అనలేదు.

ఇక ఈ చరిత్రలో నాకు మిక్కిలి విచిత్రముగా తోచిన ఘట్టమును చెప్పెదను. 2011 అక్టోబరులో కాలిఫోర్నియా రాష్ట్రము పాలసీసాలలో బిస్ఫినాలును నిషేధించుచు శాసనము చేసెను. అంతకుముందు అట్టి శాసనములను ఎదిరించుచు వచ్చిన అమెరికా రసాయన పరిశ్రమల మండలియే, ఆ నెలలోనే, ఆహార ఔషధాధికారులకు ఒక అర్జీ పెట్టుకొనెను. ఏమని? పాలసీసాలకు ఈ ప్లాస్టిక్కును వాడుటకు మీరిచ్చిన అనుమతిని రద్దుచేయుడు, ఏలయనగా ఎవరును దానిని ఇప్పుడు వాడుటలేదని! 2012 జులైలో అధికారులట్లే చేసిరి. అందు హానికరమన్న మాట యొక్కటియు లేదు. ఆ వాడుక విడిచిపెట్టబడినది కావున అనుమతి అక్కరలేదని మాత్రమే వ్రాసిరి. పరిశ్రమ అంగడిలో ఓడెను గాని తప్పొప్పుకొనలేదు. దాని ఫలముగా డబ్బాలపూత యథాప్రకారము నిలిచెను. హాని కలదని ఒప్పుకొని యుండినచో, పాలసీసాకు చెల్లిన న్యాయము పప్పుడబ్బాకేల చెల్లదని ఎవరైన అడిగి యుందురు.

ఐరోపాలో 2011లో పాలసీసాలలో దీనిని నిషేధించిరి. ఫ్రాన్సుదేశము 2015 జనవరినుండి ఆహారపాత్రలన్నిటను మానిపించెను. ప్లాస్టిక్కు తయారీదారుల సంఘము న్యాయస్థానమున కెక్కగా, ఎగుమతిపై నిషేధము చెల్లదని, స్వదేశములో అమ్మకముపై నిషేధము చెల్లునని తీర్పు వచ్చెను. బిస్ఫినాలును ఐరోపావారు అపాయకర ద్రవ్యముల పట్టికలో చేర్చుటపై అదే సంఘము మరల వ్యాజ్యము వేసి 2019లో ఓడెను. 2021లో పై న్యాయస్థానమునను ఓడెను. 2023లో ఐరోపా ఆహారక్షేమ సంస్థ తన పూర్వపు హద్దును ఇరువది వేల రెట్లు తగ్గించెను. అంత తగ్గింపు తగదని జర్మనీ సంస్థ యొకటి భిన్నాభిప్రాయము చెప్పెను. అయినను 2024 డిసెంబరులో ఐరోపా సమాఖ్య, కొన్ని గడువు లిచ్చి, ఆహారము తగులు సామగ్రిలో బిస్ఫినాలును నిషేధించెను.

ఇంకొక సమాధానము పరిశ్రమవారిది కలదు. అది మాటలతో కాక చేతలతో చెప్పినది. సీసాలపై ‘బి.పి.ఏ. లేదు’ అని చీటి అంటించిరి. దానికి బదులుగా కొన్ని వస్తువులలో బిస్ఫినాల్-ఎస్ అను దాయాదిని చేర్చిరి. దానికిని హార్మోనువలె ప్రవర్తించు గుణము కలదని 2015 నాటికి అనేక పరీక్షలు చూపెను. పేరు మారినంతమాత్రమున గుణము మారదు. అందుచేతనే 2024 నాటి ఐరోపా శాసనము ఆ కుటుంబములోని ఇతర అపాయకర ద్రవ్యములను కూడ చేర్చినది.

మన దేశమున భారతీయ ప్రమాణముల సంస్థ 2015లో పాలసీసాల ప్రమాణమును సవరించి ఈ ద్రవ్యమును తొలగించెను. ఆహార పదార్థముల కట్టుబడిపై 2018లో చేసిన నిబంధనలు 2019 జులైనుండి అమలులోనికి వచ్చినవి. మన యూళ్ళలో ఇరువది లీటర్ల నీటిడబ్బాలు కొన్ని ఇంకను పాలికార్బొనేటువే. ఎండలో నిలిపిన డబ్బానుండి, గీతలుపడి పాతబడినదానినుండి, వేడిపదార్థము పోసినదానినుండి హెచ్చుగా దిగును. వేడి పాలకు, పులుసునకు ఉక్కుపాత్ర మేలు.

పరిశ్రమవారు దుష్టులని చెప్పుట నా యుద్దేశము కాదు. ఎవని సొమ్ము వానికి ప్రియము. క్రొత్త వస్తువు వచ్చినపుడు, ఇది హానికరమని మీరు నిరూపింపుడని అమ్మువాడు కొనువానిని అడుగును. కొనువానికి శాలలు లేవు, ధనము లేదు, కాలము లేదు. ఆ నిరూపణభారమును అమ్మువానిపై మోపుటయు, ఆ పరీక్షకు అతని కూలి తినని పరీక్షకుని నియమించుటయు ప్రభుత్వముల ధర్మము. కళాయివానిని పిలువవలెనా యని మన తల్లులు ఇత్తడి బేరగాని నడుగలేదు. ఈ విషయమును పెద్దలగు మీరు మీ గ్రామములలో పదిమందికి తెలుపుదురుగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాను.