బహిరంగ వర్ణపట దత్తాంశ నిధులు: చరిత్ర

ఒక పదార్థం ఏయే తరంగదైర్ఘ్యాల దగ్గర కాంతిని ఎంతెంత వెలువరిస్తుందో, పీల్చుకుంటుందో, చెదరగొడుతుందో తెలిపే నమోదును వర్ణపటం లేదా స్పెక్ట్రం అంటారు. ప్రతి మూలకానికీ, అణువుకూ తనదైన వర్ణపటం ఉంటుంది కనుక, తెలియని పదార్థాన్ని పోల్చుకోవడానికి ముందే కొలిచి ఉంచిన వర్ణపటాలు అవసరమవుతాయి. అటువంటి కొలతలను ఎవరైనా రుసుము లేకుండా తీసుకొని వాడుకునేలా భద్రపరిచే సంకలనాలే బహిరంగ వర్ణపట దత్తాంశ నిధులు.

ఈ నిధులు కంప్యూటర్లతో పుట్టినవి కావు. వాటి తొలి పొరల్లో విశాఖపట్నం పరిశోధకుల కష్టం కూడా ఉంది. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం విశాఖపట్నంలోని వాల్తేరుకు తరలిన కొద్ది కాలానికే, 1928లో రామన్ ఫలితం వెలువడినప్పటి నుంచి ఆ రంగంలో పనిచేస్తున్న సూరి భగవంతం అక్కడ భౌతికశాస్త్ర ఆచార్యుడయ్యారు. కాంతి పరిక్షేపణపై ఆయన రాసిన గ్రంథాన్ని 1940లో ఆ విశ్వవిద్యాలయమే ప్రచురించింది. లండన్‌లో ఆల్ఫ్రెడ్ ఫౌలర్ దగ్గర పరిశోధించి వచ్చిన కొచ్చర్లకోట రంగధామరావు వాల్తేరులో వర్ణపట పరిశోధనకు ఒక సంప్రదాయాన్నే నెలకొల్పారు. ఆ రోజుల్లో వర్ణపటాన్ని ఫొటోగ్రాఫిక్ పలకపై పట్టి, ఒక్కొక్క రేఖ స్థానాన్నీ సూక్ష్మదర్శినితో కొలిచి, తరంగదైర్ఘ్యం ముందే తెలిసిన ఇనుప ఆర్క్ రేఖలతో సరిచూసి, ఆ రేఖ ఏ రెండు శక్తిస్థాయిల మధ్య మార్పు వల్ల పుట్టిందో తేల్చేవారు. ఒక్క అయాను రేఖలను విడదీయడానికే ఎంతో ఓర్పు కావలసి వచ్చేది.

అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ తరఫున షార్లెట్ మూర్ 1949, 1952, 1958 సంవత్సరాల్లో మూడు సంపుటాలుగా వెలువరించిన పరమాణు శక్తిస్థాయుల పట్టికల్లో ఆర్సెనిక్, సెలీనియం, బ్రోమిన్ వంటి మూలకాల దగ్గర రంగధామరావు, ఆయన సహచరుల పరిశోధనలు ఆధారాలుగా కనిపిస్తాయి. ఆ సంస్థే తర్వాతి కాలంలో పరమాణు వర్ణపటాల డేటాబేస్‌ను ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచింది. పత్రికల్లో చెల్లాచెదురుగా పడివున్న కొలతలను ఏరి, సరిచూసి, ఒకచోట చేర్చే సంకలనకర్త శ్రమకు దక్కవలసిన గౌరవం నేటికీ దక్కలేదనే చెప్పాలి.

అణువుల విషయంలో, అమెరికా వైమానిక దళ పరిశోధనాలయం 1973లో వాతావరణంలోని ఏడు అణువుల పరారుణ రేఖలతో ఒక సంకలనం తెచ్చింది. హైట్రాన్ పేరుతో పెరిగిన ఆ నిధి 2020 కూర్పు నాటికి 55 అణువులకు విస్తరించింది. తెలుగువాడైన కె. నరహరిరావు ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ, మరో ఇద్దరితో కలిసి 1966లో ప్రచురించిన పరారుణ తరంగదైర్ఘ్య ప్రమాణాల గ్రంథం ఇటువంటి కొలతలకు గట్టి కొలబద్దను సమకూర్చింది.

ఉచితంగా చూడనివ్వడం వేరు, తీసుకొని వాడుకోనివ్వడం వేరు. జపాన్‌లోని ఎస్‌డీబీఎస్ అనే నిధి సేంద్రియ సమ్మేళనాల వర్ణపటాలను రుసుము లేకుండా చూపినా, ఒక రోజులో తీసుకోగలిగిన వాటికి పరిమితి పెట్టింది. అదే దేశంలో మొదలైన మాస్‌బ్యాంక్, కాంతికి బదులు అయాన్ల ద్రవ్యరాశులను చూపే ద్రవ్యరాశి వర్ణపటాలను పునర్వినియోగానికి అనుమతించే లైసెన్సులతో అందిస్తోంది. బొమ్మగా అచ్చయిన వర్ణపటాన్ని కంప్యూటర్ నేరుగా పోల్చలేదు కనుక, ఏ కంపెనీ పరికరంలోనైనా చదవగల జేక్యాంప్-డీఎక్స్ అనే అక్షరరూప ఫైలు పద్ధతి 1988లో వెలువడడం ఈ చరిత్రలో పెద్ద మలుపు.

అంకెలతో పాటు కొలిచిన పరిస్థితులనూ భద్రపరచాలి. ఉదాహరణకు, విశాఖపట్నం పూర్ణా మార్కెట్‌లో విడిగా దొరికే పసుపుపొడిని, లేజరు కాంతి దాని నుంచి చెదిరిన తీరును కొలిచే రామన్ పద్ధతిలో పరీక్షిస్తే కర్క్యుమిన్ బలమైన పట్టీలు సెంటీమీటరుకు 1600, 1630 తరంగసంఖ్యల దరిదాపుల్లోనూ, కల్తీకి వాడే మెటానిల్ ఎల్లో రంగు కలిసి ఉంటే దాని పట్టీ 1400కు కాస్త పైనా కనిపించాలి. అయితే ఆకుపచ్చ లేజరు వేస్తే పసుపు తానే వెలిగి ఆ పట్టీలను కప్పేస్తుంది. 1064 నానోమీటర్ల పరారుణ లేజరుతో అవి తేటపడతాయి. అందువల్ల నిధిలో చేర్చే ప్రతి పసుపు వర్ణపటంతోనూ లేజరు తరంగదైర్ఘ్యం, పరికరం, నమూనా ఎక్కడిది, దుంపను ఎలా ఉడికించి ఎండబెట్టారు అనే వివరాలు నమోదు కావాలి.